పురానాపూల్ హీటర్ ఉస్తాద్

పోయిన డిసెంబర్ రెండో శనివారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. ఆస్పత్రి గేటు ముందు నా కారు అద్దాలన్నీ ఎక్కించి, హీటర్ మీటను ఎర్రగీత చివరిదాకా తిప్పి, ఫ్యాను మొత్తం పెట్టి బండి కదిలించాను. బయట ఎండ బాగానే ఉంది. గేటు దగ్గర కొబ్బరిబోండాలు అమ్మే మనిషి అద్దంలోంచి మా ముఖాలు చూసి, కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడ్డాడు. హైదరాబాద్‌లో హీటర్ వేసుకుని ఊరేగేవాళ్లను ఆయన ఎప్పుడూ చూసి ఉండడు.

ఆ పని చేయించిన మనిషి పోయి నెల కాలేదు. మొన్న పురానాపూల్‌లో వాళ్ల ఇంటి ముందు షామియానా వేసి, ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారు ఆయన ఎక్కడ పుట్టిందీ, ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నదీ, పిల్లలు ఎంతమందీ అన్నీ చెప్పారు. అన్నీ నిజమే. కానీ ఆ మాటల్లో మా ఉస్తాద్ నాకు కనిపించలేదు. నేను అక్షరాలు దిద్దింది నలభై ఐదేళ్లు దాటాక. సాగదీసి రాయడం నాకు రాదు. చూసింది చూసినట్టు రాస్తాను.

ఆయన పేరు రాయను. గల్లీలో ఎవరూ ఆయనను పేరుతో పిలవలేదు. మొదట ఎగతాళికి హీటర్ ఉస్తాద్ అన్నారు. వేడికి జనం గోడల నీడ పట్టుకుని నడిచే ఊళ్లో కారు హీటర్ బాగుచేస్తానని కూర్చున్నవాణ్ణి ఇంకేమంటారు? ఆయనకు కోపం రాలేదు సరికదా, రేకుల షెడ్డు మీద బోర్డుకు కూడా అదే పేరు రాయించాడు.

ఆయనను తలుచుకుంటే నాకు ముందు కాళ్లు కనిపిస్తాయి. ఏ కారు వచ్చినా సరే, చెప్పులు బయట విడిచి ఒట్టి కాళ్లతో లోపల కూర్చునేవాడు. కొత్తవాళ్లు చూసి, ఎంత భక్తి, బండిని గుడిలా చూస్తాడు అనుకునేవారు. భక్తీ కాదు, ఏమీ కాదు. అరికాలితో కింద పరిచిన కార్పెట్‌ను తడిమేవాడు. ముందు సీటు కింద ఎక్కడైనా తడి తగిలితే, కాలు పైకి తీసి, వేలితో ఆ తడిని అద్ది వాసన చూసేవాడు. తియ్యటి వాసన వస్తే అది వాన నీళ్లు కాదు, ఏసీ నీళ్లు కాదు, ఇంజన్‌లో పోసిన కూలెంట్. హీటర్ కారుతోందని అర్థం. బానెట్ ఎత్తకముందే జబ్బు చెప్పేసేవాడు. చెప్పి ఊరుకునేవాడా, లేదు. బండి యజమాని ముక్కు దగ్గర ఆ వేలు పెట్టి, నువ్వు కూడా చూడు అనేవాడు. ఎంత పెద్ద మనిషైనా ఆ వేలు వాసన చూడవలసిందే.

గొప్పలు చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గు లేదు. ఎవరైనా వచ్చి, ఇక్కడ రేడియేటర్ పని బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారని అడిగితే, "మూసీకి ఈ దిక్కు ఆ దిక్కు కలిపి ఒక్కడే ఉన్నడు. ఇప్పుడు చాయ్ తాగుతుండు, ఆగు" అని, చాయ్ పూర్తిగా తాగి లేచేవాడు.

హీటర్ ఎలా పని చేస్తుందో ఆయన చెప్పినంత తేలికగా నాకెవరూ చెప్పలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే పక్కన నీళ్ల గిన్నె పెడతాం కదా, అన్నానికి పెట్టిన మంటతోనే ఆ నీళ్లూ కాగుతాయి. ఇదీ అంతే అనేవాడు. ఇంజన్ తన పనికి తాను వేడెక్కుతుంది. ఆ వేడిని నీళ్లు మోసుకుని ముందున్న పెద్ద రేడియేటర్‌కు పోతాయి. వాటిలో కొన్నింటిని రెండు పైపులతో డ్యాష్‌బోర్డు వెనకకు తెచ్చి, అక్కడ పుస్తకమంత చిన్న రేడియేటర్‌లో తిప్పుతారు. దాని మీదుగా ఫ్యాను గాలి కొడితే వేడిగాలి మన మీదకు వస్తుంది. మీట తిప్పితే లోపల ఒక రేకు కదిలి, ఎంత గాలి ఆ చిన్న రేడియేటర్ మీదుగా పోవాలో, ఎంత పక్క నుంచి పోవాలో చూసుకుంటుంది. దీనికని వేరే మంట లేదు, పారేసే వేడినే వాడుకోవడం. ఇదంతా చెప్పేటప్పుడు ఆయన రెండు చేతులూ పైపులయ్యేవి, ఛాతీ ఇంజనయ్యేది, నోటితో ఫ్యాను చప్పుడు చేసేవాడు.

మా దగ్గర ఒక అలవాటు ఉంది. ఆ చిన్న రేడియేటర్ కారిందంటే దాన్ని మార్చరు. మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, రెండు రోజుల పని. అందుకని బానెట్ కిందే ఆ రెండు పైపులనూ పీకి, వంపు తిరిగిన ఒక చిన్న పైపుతో ఒకదానికొకటి కలిపేస్తారు. నీళ్లు లోపలికి పోకుండా అటు నుంచి అటే తిరిగి వెళ్లిపోతాయి. కారడం ఆగుతుంది, హీటర్ చస్తుంది. దాన్నే బైపాస్ అంటారు. ఇక్కడ హీటర్ ఎవడికి కావాలి అని అందరూ సంతోషంగా చేయించుకుంటారు. ఉస్తాద్ మాత్రం చేసేవాడు కాదు. ఒకసారి ఒక బట్టల వ్యాపారి, వాడని దాన్ని ఉంచి ఏం లాభమని వాదించాడు. ఉస్తాద్ ఆయనను పైనుంచి కిందికి చూసి అన్నాడు:

"ఇంట్ల మీ ఆమె మాట వినవు గదా సేటూ, మరి ఆ చెవులు ఎందుకు? కోసిద్దునా?"

వ్యాపారి వెళ్లిపోయాడు. పక్క గల్లీలో పది నిమిషాల్లో బైపాస్ చేయించుకున్నాడు. ఉస్తాద్‌కు ఫికర్ లేదు.

నీళ్ల విషయంలో ఆయన మొండితనం ఇంకా ఎక్కువ. మా బస్తీల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. బండి వేడెక్కితే మాలాంటి డ్రైవర్లు పక్క ఇంట్లో బకెట్టు అడిగి అవే పోస్తాం. ఆయన ఒక పాత హీటర్‌ను నిలువునా కోయించి షెడ్డు గుంజకు కట్టాడు. సన్నటి గొట్టాల నిండా సున్నం పూడినట్టు తెల్లటి పెచ్చులు. బోరు నీళ్లు పోశానని ఎవరైనా ఒప్పుకుంటే, రెక్క పట్టుకుని దాని ముందు నిలబెట్టేవాడు. కూలెంట్‌ను ఎన్నాళ్లకు మార్చాలో బండి కంపెనీవాడు చెప్పినట్టు మార్చు, కలిపే నీళ్లు బ్యాటరీలో పోసే నీళ్లే కావాలి, ఇంతే ఆయన మంత్రం.

ఇక మే నెలలో ఆయన కంట పడితే అయిపోయినట్టే. రోడ్డు మీద తారు కరిగే మధ్యాహ్నం నా బండి ఆపి, హీటర్ పది నిమిషాలు వెయ్యమనేవాడు. నెలకొకసారి వెయ్యకపోతే లోపలి రేకు కదలక పట్టేస్తుంది అని. నేను వెయ్యనంటే బానెట్‌కు అడ్డంగా నిలబడేవాడు. ఆయన షెడ్డు తప్పించుకోవడానికి నేను రెండు గల్లీలు చుట్టు తిరిగి వెళ్లిన వేసవులు ఉన్నాయి.

ఇక ఆ డిసెంబర్ సంగతి.

నేను ఉప్పుగూడలో ఉంటాను. కిరాయి కారు నడుపుతాను. పోయిన వానాకాలం నుంచి ఇద్దరు పేషెంట్లను మంగళ, గురు, శనివారాలు డయాలసిస్‌కు తీసుకుపోయి తెస్తున్నాను. ఒకరు రహీం భాయ్, ముసలి దర్జీ. ఇంకొకరు లాల్‌దర్వాజా సరిత, ముప్పై కూడా నిండని పిల్ల. భర్త లేడు. అత్త బాలమణి తోడు వస్తుంది. పొద్దున ఏడింటికి మిషన్ మీద పడుకుంటే పదకొండుకు లేస్తారు. ఒంట్లో రక్తం బయటికి పోయి మిషన్‌లో తిరిగి వస్తుంది కదా, కొందరికి ఆ తర్వాత విపరీతమైన చలి పుడుతుందని డాక్టరమ్మ చెప్పింది. మందులిచ్చారు, మిషన్ వేడి కూడా చూశారు. రహీం భాయ్‌కు ఏమీ కాదు. సరితకు మాత్రం చలికాలం మొదలయ్యాక ఆ చలి భరించరానిదైంది. మూడు దుప్పట్లు కప్పినా ఇల్లు చేరేదాకా పళ్లు కొట్టుకునేవి. కారంతా ఆ చప్పుడే.

డిసెంబర్ మొదటి శనివారం చూడలేక హీటర్ వేశాను. బండి కొన్నాక నా అంతట నేను వేసింది అదే మొదటిసారి. ముందు అద్దం మీద జిడ్డు ఆవిరి కమ్మింది, తియ్యటి కంపు కొట్టింది, ముందు కూర్చున్న రహీం భాయ్ మేజోడు తడిసింది. వేడి మాత్రం రాలేదు. దగ్గర్లో ఉన్న మెకానిక్‌కు చూపిస్తే, బైపాస్ చేస్తా, చాయ్ తాగేలోపు అయిపోతుందన్నాడు. నాలుగు రోజులు ఆలోచించాను.

అంతలో గురువారం వచ్చింది. సరిత కారెక్కలేదు. సూదులకు భయం లేదు, వచ్చేటప్పటి చలికి నావల్ల కాదు, ఇక రాను అంది. బాలమణి గుమ్మంలో కూర్చుని తిట్టింది, బతిమాలింది, మళ్లీ తిట్టింది. ఆ పిల్ల కదల్లేదు. డయాలసిస్ మానితే ఏమవుతుందో ఆమెకు తెలియదా? మాకంటే బాగా తెలుసు. రహీం భాయ్‌ను ఒక్కణ్ణే తీసుకుపోయి తెచ్చి, ఇంటి దగ్గర దించి, నేరుగా పురానాపూల్ పోయాను.

ఉస్తాద్ చెప్పులు విప్పి లోపల కూర్చున్నాడు. కాలు పెట్టగానే ముఖం చిట్లించాడు. బైపాస్ అన్నావంటే బండి ఇక్కడే వదిలి నడుచుకుంటూ పో అన్నాడు. నేను సరిత సంగతి చెప్పాను. మొత్తం విన్నాడు. దుప్పట్లు కప్పుతున్నాం అన్నప్పుడు మాత్రం అడ్డుపడ్డాడు.

"దుప్పటి ఉన్న వేడిని ఆపుతది యాదగిరీ. ఆ పిల్లకాడ ఆపేతందుకు ఏముంది? వేడి బయటి నుంచి ఇయ్యాలె."

శనివారం పొద్దున్నే ఆమె ఇంటి ముందుండాలి, లేకపోతే ఆమె రెండోసారి కూడా తప్పుతుంది అన్నాను. వేరే బండ్లన్నీ పక్కకు నెట్టించి నా బండి ముందు పెట్టుకున్నాడు. ఆ సాయంత్రానికి స్టీరింగ్ దగ్గర నుంచి డ్యాష్‌బోర్డు మొత్తం ఊడి బయట గోనెసంచి మీద పడుంది. శుక్రవారం మధ్యాహ్నానికి కొత్త హీటర్ లోపల కూర్చుంది. పైపుల లోపల నీళ్లు అటు ఇటు కొట్టి కడిగాడు, కొత్త కూలెంట్ పోశాడు. లోపల గాలి బుడగ నిలిస్తే వేడి రాదని, వంతెన పక్క ఎత్తులో బండి మూతి పైకి పెట్టించి, రేడియేటర్ మూత తీసి, హీటర్ మీట ఎర్ర వైపు పెట్టి ఇంజన్ నడిపించాడు. బుడగలు వచ్చి వచ్చి ఆగిపోయాయి. మూత బిగించి, ఊళ్లో ఒక చుట్టు తిప్పుకుని రమ్మన్నాడు. తిప్పుకుని వచ్చాను.

గాలి గోరువెచ్చగా వచ్చింది. అంతే. చంటిపిల్లల స్నానానికి కూడా చాలని వెచ్చన.

అప్పటికి గల్లీలో మెకానిక్‌లందరూ చేరారు. రెండు రోజులు డ్యాష్‌బోర్డు బయటపెట్టిన తమాషా కదా. పక్క షెడ్డు సత్తయ్య తలుపులోంచి చెయ్యి పెట్టి చూశాడు. "మస్తుగున్నది ఉస్తాద్. ఎండకాలంల ఫ్యానని వాడుకొమ్మను" అన్నాడు. అందరూ నవ్వారు. ఉస్తాద్ ఇంజన్ ఆపించి, పూర్తిగా చల్లారేదాకా బీడీ కూడా వెలిగించకుండా కూర్చున్నాడు. మళ్లీ స్టార్ట్ చెయ్యమని, ముందు రేడియేటర్‌కు పోయే లావుపాటి పైపును పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాడు. ఇంజన్ కాగకముందే ఆ పైపు వెచ్చబడింది, ఆయన ముఖం మారింది. తల లోపల పెట్టి ముల్లు ఎక్కడుందని అడిగాడు. నా బండిలో వేడి చూపించే ముల్లు ఎప్పుడూ సగం దాకా రాదు. ఇంజన్ చల్లగా ఉందని నేను మురిసిపోయేవాణ్ణి.

పైపు వదిలి, చేతులు గుడ్డకు తుడుచుకుని, ఆయన సత్తయ్యను పిలిచాడు. మిగతావాళ్లను కూడా దగ్గరికి రమ్మన్నాడు.

"ఈ బండిల వాల్వు లేదు. తీసింది నేనే. ఈ చేతులతోనే తీసిన. హీటర్‌ను కొయ్యనని గింత లొల్లి చేసినోన్ని, వాల్వు తీసి హీటర్‌ను పండవెట్టిందే నేను."

అందరూ నవ్వు ఆపేశారు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను బయటికి పోనివ్వకుండా ఆపే మూతలాంటిది ఆ వాల్వు. నీళ్లు తగినంత కాగాక అదే తెరుచుకుంటుంది. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే ముందు రేడియేటర్‌కు పోయి చల్లారుతుంటాయి. ఇంజన్‌కూ మంచిది కాదు, డీజిలూ ఎక్కువ తాగుతుంది. కానీ మా ఎండలకు అది తెరుచుకోక బండి ఉడికిపోతుందనే భయంతో ఇక్కడ అందరూ దాన్ని పీకి పారేస్తారు. కొన్నేళ్ల కింద ఒక మే నెలలో నా బండి వేడెక్కితే ఆయన కూడా పీకాడు. నేను ఎప్పుడో మరిచిపోయాను. ఆయన అనకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కొత్త సామాను కల్తీది అనవచ్చు, నా బండి ముసలిది అనవచ్చు. ఏ షెడ్డులోనైనా వినే మాటలే అవి.

సత్తయ్యే నచ్చజెప్పబోయాడు. ఈ ఎండలకు వాల్వెందుకు ఉస్తాద్, అందరం తీస్తూనే ఉన్నాం కదా అన్నాడు.

"అందరం తప్పే చేస్తున్నం" అన్నాడు ఆయన.

నేను బండి పట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఎందరో ఉస్తాద్‌ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. తన చేతి తప్పును నలుగురిని పిలిచి చెప్పినవాణ్ణి ఆయన ఒక్కణ్ణే చూశాను. మూసీకి ఈ దిక్కు ఆ దిక్కు ఒక్కడే ఉన్నాడని ఆయన అన్నది అబద్ధం కాదు. నాకు ఆ పూట ఆ మాట అన్నది నేనే అయినంత గర్వంగా అనిపించింది. సత్తయ్య స్కూటర్ తీసి వాల్వు కోసం తానే సామాన్ల దుకాణానికి పోయాడు. పొద్దుగూకేలోపు అది బిగించారు. ముల్లు ఇన్నేళ్లకు సగానికి వచ్చి నిలబడింది. వేడిగాలి వచ్చే జాలీ ముందు చెయ్యి పెట్టి నేను వెంటనే తీసేశాను. ఉస్తాద్ తన చెంప పెట్టాడు, తియ్యలేదు.

శనివారం పొద్దున నేను పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. లాల్‌దర్వాజాలో సరిత ముఖం నీరు పట్టి ఉబ్బి ఉంది. రానని ముఖం గోడవైపు తిప్పుకుంది. బాలమణి, చెప్పీ చెప్పీ నా నోరు పోయింది అన్నా, నువ్వన్నా చెప్పు అని నన్ను పట్టుకుంది.  ఆ పిల్లను అంతకుముందు చూడనైనా చూడని ఉస్తాద్ గుమ్మంలో నిలబడ్డాడు.

"బిడ్డా, నేను డాక్టర్‌ను గాను, రేడియేటర్లు అతికేటోన్ని. ఇయ్యాల ఒక్కపారి రా. వచ్చేటప్పుడు ఇంటిదాక గిట్లనే వణికితివంటే, మంగళారం నీ గుమ్మానికి అడ్డం నేనే పండుకుంట. ఎవ్వలొచ్చినా నిన్ను తీస్కపోనియ్య."

"మా అత్త నిన్ను దాటుకొని గుంజుకపోతది తాతా" అంది సరిత. గోడవైపు తిరిగే అంది. కానీ కాసేపటికి చున్నీ తీసుకుని లేచింది.

ఆ నాలుగు గంటలూ ఆయన ఆస్పత్రి బెంచీ మీద కూర్చోలేదు. కారు చుట్టూ తిరిగాడు. వాళ్లు బయటికి రావడానికి ముందే ఇంజన్ స్టార్ట్ చేయించి, ముల్లు సగానికి వచ్చేదాకా కళ్లార్పకుండా చూశాడు. ఏసీ బంద్, బయటి గాలి బంద్, లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరగాలి, వేడి మొత్తం కాళ్ల వైపు పంపాలి, కింద నుంచి పైకి అదే ఎక్కుతుంది అని అన్నీ తానే సర్దాడు. సరితను అత్త పట్టుకుని తెచ్చి ఎక్కించేటప్పటికి పళ్లు కొట్టుకోవడం మొదలైంది.

అఫ్జల్‌గంజ్ దాకా ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఉస్తాద్ వెనక్కి తిరగలేదు. మెడ మాత్రం గట్టిగా బిగిసి ఉంది. బాలమణి కొంగుతో విసురుకోవడం మొదలుపెట్టింది. రహీం భాయ్ చొక్కా గుండీలు విప్పి, "ఉస్తాద్, మమ్ముల హలీం చేస్తున్నవా?" అన్నాడు. నా కళ్లలోకి చెమట దిగి మంట పుట్టింది. నయాపూల్ ఎక్కేటప్పుడు వెనక చప్పుడు తగ్గింది. మదీనా దగ్గర సిగ్నల్ పడితే ఆగాను. అప్పుడు విన్నాను, ఏ చప్పుడూ లేదు. నాకు భయమేసి అద్దంలో చూశాను. సరిత ఒక దుప్పటి తీసి అత్త ఒళ్లో పడేస్తోంది. చార్మినార్ పక్క నుంచి మలుపు తిరిగాక రెండోది కూడా తీసేసింది.

"తాతా, జర తక్కువ చెయ్యి. ఉడ్కపోస్తుంది."

ఉస్తాద్ మీట మీద చెయ్యి వెయ్యలేదు.

"ఏమన్నవు బిడ్డా?"

"ఉడ్కపోస్తుంది."

"మళ్లొకపారి అను. ఈ డ్రైవర్‌కు చెవుడు."

"ఉడ్కపోస్తుంది తాతా, చెమటలొస్తున్నయ్."

అప్పుడు తిప్పాడు మీట. ఇల్లు వచ్చేసరికి ఆ పిల్ల అత్త భుజం మీద నిద్రపోతోంది. మంగళవారం నేను వెళ్లేసరికి చెయ్యి ఊపుతూ గుమ్మం బయటే నిలబడి ఉంది. అప్పటి నుంచి ఏ ఒక్క రోజూ తప్పలేదు. మొన్న గురువారం కూడా తీసుకుపోయి తెచ్చాను. ఉస్తాద్ ఆ నెలంతా తాను వాల్వు తీసిన బండ్లను ఒక్కొక్కదాన్ని పిలిపించి మళ్లీ బిగించాడు. రానన్నవాళ్ల ఇళ్లకు పోయి లొల్లి చేశాడు.

ఆదరణ కూడికలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, చూసినవాళ్లం చెప్పాలి. ఆ శనివారం కారులో ఉన్నది వీళ్లు: వెనక సీట్లో లాల్‌దర్వాజా సరిత, ఆమె అత్త బాలమణి, దర్జీ రహీం భాయ్. స్టీరింగ్ దగ్గర ఉప్పుగూడ యాదగిరి, అంటే నేను. నా పక్కన, తెల్ల చొక్కా ఒంటికి అంటుకుపోయేలా చెమటతో తడిసి, ఆయన.